లక్ష రూపాయల కీబోర్డు కొనే ముందు: మేనల్లుడికి ఉత్తరం

తెనాలి

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కొత్త మ్యూజిక్ కీబోర్డు ఫోటో చూశాను. బాగుంది. లక్షా పన్నెండు వేలు పోస్తే బాగుండక ఏం చేస్తుంది! "కొనమంటావా మామయ్యా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ఒక్క ముక్కలో అయితే వద్దు. అలాగని బొమ్మ సౌండు వస్తోందని నువ్వు విసుక్కుంటున్న పాతదాన్నే పట్టుకుని వేలాడమనీ అనను. ఫోన్లో చెబితే సగం విని "సరే మామయ్యా" అనేస్తావని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు ఒక పని చెయ్యి. కాస్త మంచి వైరు హెడ్‌ఫోన్స్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని, కీబోర్డు వెనక ఫోన్స్ అని రాసి ఉన్న చోట గుచ్చి, రాత్రి అందరూ పడుకున్నాక అరగంట వాయించు. నీకు చికాకు తెప్పిస్తున్న ఆ "బొమ్మ సౌండు"లో సగం టోన్‌ది (కీబోర్డులో ఎంచుకునే వాద్యపు ధ్వనిది) కాదు, లోపలున్న అరచేతంత స్పీకర్లది. వాటిలోంచి బేస్ ఎక్కడినుంచి వస్తుంది? పైగా భజన మండలిలో ఆ స్పీకర్ల ముందు మైకు పెట్టి వాయిస్తున్నావని అక్కయ్య చెప్పింది. ఆ పని మానెయ్యి. అదే రంధ్రంలోంచి కేబుల్ తీసి నేరుగా మైకుల సౌండంతా కలిపే మిక్సర్‌కి ఇవ్వు. వాల్యూమ్ సగానికి పెట్టి మొదలుపెట్టి, మిగతాది మిక్సర్ దగ్గర పెంచుకో. కేబుల్ మూడు నాలుగు వందలు ఉంటుంది. అప్పటికీ నచ్చకపోతే ఆ నచ్చకపోవడంలో నిజం ఉన్నట్టు.

నేనెందుకు ఇంత పిసినారిగా మాట్లాడుతున్నానో నీకు తెలియదు, అప్పటికి నువ్వు పుట్టలేదు. పద్య నాటకాలకి హార్మోనియం వాయిస్తూ వాయిస్తూ ఆర్కెస్ట్రాలోకి వచ్చాను కదా, వచ్చిన నాలుగో ఏడు మీ అత్తయ్య గాజులు తాకట్టు పెట్టి పెద్ద కీబోర్డు ఒకటి కొన్నాను. ఏ కంపెనీదో ఇప్పుడెందుకులే. అందులో ఆరొందలకు పైగా టోన్లు. రెండేళ్ళు తిరిగాక లెక్క చూసుకుంటే నేను వాడింది పదకొండు. స్ట్రింగ్స్, ఫ్లూట్, పియానో, ఒక షెహనాయి, పెళ్ళిళ్ళలో బ్యాండుమేళం మూడ్ కోసం ఒక బ్రాస్, ఇలాంటివే. మూడో ఏడు వానాకాలంలో స్క్రీన్ చీకటైపోయింది. మద్రాసు పంపితే మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ ఒక స్నేహితుడి పాత చిన్న కీబోర్డు మీదే ప్రోగ్రాములు చేశాను. ఒక్కరు కూడా "ఏంటి సౌండు మారింది?" అని అడగలేదు. అప్పుడు పడ్డ సిగ్గు ఇంకా గుర్తుంది.

అందుకని ఫీచర్ల పట్టిక చూడకు. నీ చెయ్యి ఎక్కడ ఆగిపోతోందో చూసుకో. గత ఆరు నెలల్లో వాయిస్తూ వాయిస్తూ "ఇక్కడ ఇది పలకట్లేదే" అని ఎన్నిసార్లు అనిపించింది, ఏ పాటలో, ఏ చోట? కాగితం మీద రాయి. ఆ కాగితంలో ఉన్నవాటికే డబ్బు పెట్టాలి. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారి సంగతే తీసుకో. మామూలు మాండలిన్‌కి నాలుగు జతల తీగలుంటాయి. ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. ఖరీదని కాదు, కర్ణాటక సంగీతానికి అది కావాలి గనుక.

నీ కాగితం నువ్వు రాసేలోగా నాకు కనబడినవి చెబుతాను. పోయిన సంక్రాంతికి నువ్వు వాయిస్తుంటే పక్కనే కూర్చున్నాను కదా.

మొదటిది టచ్. నీ కీబోర్డుకి అది లేదు. మెల్లగా నొక్కినా గట్టిగా కొట్టినా ఒకటే శబ్దం. నువ్వేమో చరణం చివర వేళ్ళు తేలిక చేస్తున్నావు, చూశాను. చెయ్యి తగ్గిస్తోంది, పెట్టె తగ్గించట్లేదు. ఇది నిజమైన అడ్డు. దీనికి హెడ్‌ఫోన్సూ మిక్సరూ ఏమీ చెయ్యలేవు. ఏళ్ళ తరబడి టచ్ లేనిదాని మీద సాధన చేస్తే వేళ్ళు మొద్దుబారతాయి కూడా. కాబట్టి దీన్ని మార్చాలి. కానీ టచ్ కోసం లక్ష అక్కర్లేదు, పదిహేను ఇరవై వేల వాటిలోనే వస్తోంది.

రెండోది గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే షాపుల్లో దీని గురించి ఎవడూ చెప్పడు. మెట్ల వాద్యంతో మనకి ఎప్పుడూ ఇదే తగువు. హార్మోనియం మన సంగీతానికి పనికిరాదని ఆలిండియా రేడియోవాళ్ళు 1940లో బయటపెట్టి, 1971 దాకా లోపలికి రానివ్వలేదు. వాళ్ళ కోపంలో కొంత న్యాయం ఉంది. తోడి రాగం తీసుకో. గాంధారాన్ని మెట్టు మీద నిలబెట్టి వాయిస్తే అది తోడి కాదు, తోడి ఫోటో. రిషభానికీ మధ్యమానికీ మధ్య అది ఊగాలి. స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రం ఉంటే ఆ ఊపు వస్తుంది. చాలా కీబోర్డుల్లో ఆ చక్రం కంపెనీ పెట్టిన కొలత ప్రకారం పైకి రెండు మెట్లు, కిందికి రెండు మెట్లు పోతుంది. అంటే గాంధారం నొక్కి చక్రాన్ని పూర్తిగా కిందికి లాగితే సరిగ్గా తోడి రిషభం, పూర్తిగా పైకి తోస్తే మధ్యమం. కొలిచి ఇచ్చినట్టుంది కదూ! కుడిచెయ్యి స్వరం మీద, ఎడమచెయ్యి చక్రం మీద. మొదటి నెల తాగినవాడి పాటలా ఉంటుంది, భయపడకు.

నీ దానికి ఆ చక్రమే లేదు. నువ్వు భజనల్లో వేణువు బిట్లు వాయించేవాడివి, నీకు అది ముఖ్యం. కొత్తది ఏది చూసినా ముందు ఎడమ పక్క చక్రమో, చిన్న కర్రలాంటి లీవరో ఉందా అని చూడు. కాస్త ధర ఉన్న మోడళ్ళలో కూడా ఒక్కోసారి ఉండదు, జాగ్రత్త.

మూడోది పాలిఫొనీ. సేల్స్ కుర్రాడు 128, 128 అని ఊదరగొడతాడు. ఒకేసారి ఎన్ని స్వరాలు మోగగలవో ఆ లెక్క. 1983లో వచ్చిన యమహా డిఎక్స్‌7కి 16 మాత్రమే, దాని మీదే ప్రపంచమంతా పాటలు చేసుకుంది. నీకు పది వేళ్ళున్నా పది కంటే ఎక్కువ ఎందుకంటే, పెడల్ తొక్కినప్పుడు పాత స్వరాలు కూడా మోగుతూనే ఉంటాయి, రెండు టోన్లు కలిపితే లెక్క రెట్టింపవుతుంది, కింద రిథమ్ నడుస్తుంటే అదీ తింటుంది. నిండిపోతే పాత స్వరం పుటుక్కున తెగుతుంది. నీకు ఎప్పుడైనా అలా తెగిందా? తెగలేదంటే ఆ 128 నీకు అక్కర్లేదు. ఇప్పటి మధ్యరకం వాటిలో 48, 64 ఉంటున్నాయి, చాలు.

శ్రుతి మార్చడం గురించి నువ్వు అడిగావు. మీ గాయకుడు ఒకటిన్నర శ్రుతి అంటాడు, ఆ అమ్మాయి ఐదున్నర అంటుంది. శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నీ పాతదానిలోనే ఉంది. దానికి లక్షెందుకు?

ఇంక నువ్వు పంపిన ఆ ఫోటోలోది. అది అరేంజర్ కీబోర్డు. ఒక్కడే కూర్చుని బ్యాండంతా నడిపేవాడికి అది పంట పండినట్టే. ఎడమచేత్తో కార్డ్ (కలిపి నొక్కే కొన్ని స్వరాల గుత్తి) పట్టుకుంటే డ్రమ్స్, బేస్, గిటార్ వెంట వస్తాయి. మీకేమో తబలా ఉంది, ప్యాడ్స్ వాయించే కుర్రాడున్నాడు. నువ్వు ఆ రిథమ్స్ ఆన్ చేస్తే వాడు నీతో మాట్లాడడం మానేస్తాడు. డబ్బులో సింహభాగం నువ్వు వాడని దానికి పోతుంది. నెలకి ఇన్నని ఈఎంఐ అంటున్నావు, ప్రోగ్రాములు నెలకి రెండున్నా గట్టి. ఆ వాయిదా నీ జీతంలోంచే పోవాలి.

స్టేజీ వాళ్ళందరి దగ్గరా కనబడే రోలాండ్ ఎక్స్‌పిఎస్‌-10 సంగతి కూడా అడిగావు. తేలిక, మన టోన్లున్నాయి, లీవరుంది. కానీ దానికి స్పీకర్లు ఉండవు. ఇంట్లో వాయించుకోవాలంటే హెడ్‌ఫోన్సో యాంప్లిఫయరో కావాలి, ఆ ఖర్చు కూడా కలుపుకుని చూడు. ఇంట్లోనూ బయటా రెండు చోట్లా ఒకటే కావాలంటే యమహా పిఎస్ఆర్ ఐ500 లాంటిది చూడు, మన దేశం కోసమే చేసింది, స్పీకర్లున్నాయి. 88 మెట్ల బరువు కీస్ పియానో మాత్రం వద్దు. యమహా పి-45 పదకొండున్నర కిలోలు, మీ మూడో అంతస్తు మెట్లెక్కి మోసుకెళ్ళాలి. పాప పెద్దదై వెస్టర్న్ పియానో నేర్చుకుంటానంటే అప్పుడు చూద్దాం.

నా లెక్క ఇది: టచ్, పిచ్ బెండ్, లైన్ అవుట్ (మిక్సర్‌కి కేబుల్ ఇచ్చే రంధ్రం) ఉన్న మధ్యరకం ఒకటి, వీలైతే సెకండ్ హ్యాండ్. కొనేటప్పుడు మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా ఒక్కొక్కటీ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూడు. ఏదైనా మెట్టు మెల్లగా నొక్కినా అరిచిందంటే, లేదా మూగగా ఉంటే, లోపల రబ్బరు పట్టీ కింద కార్బన్‌కి దుమ్ము పట్టినట్టు. తుడిస్తే చాలాసార్లు పోతుంది, కానీ బేరానికి పనికొస్తుంది. చక్రాన్ని తిప్పి వదిలేస్తే స్వరం సరిగ్గా మొదటి చోటికే రావాలి. జాక్ గుచ్చి కదిపితే గరగర రాకూడదు. బోర్లా తిప్పి ఒకసారి తట్టు, చీమలు రాలితే లేచి వచ్చెయ్. నవ్వకు, మన ఊళ్ళో ఒకాయన కీబోర్డులో గూడే పెట్టాయి.

అడాప్టర్ తప్పకుండా దానిదే అడుగు. పిన్ను పట్టింది కదా అని ఏదో ఒకటి గుచ్చకు. ఒకదానికి తొమ్మిది వోల్టులు, ఇంకోదానికి పన్నెండు. ఒకదానికి ప్లస్ మధ్యలో, ఇంకోదానికి బయట. తప్పు గుచ్చితే బోర్డు పోతుంది. నేను పోగొట్టాను.

వచ్చే నెల శుభకార్యానికి వస్తావుగా, నీ పాతదాన్ని కవర్లో పెట్టి తీసుకురా. ఆ పై స్థాయి గాంధారం నత్తిగా పలుకుతోంది, విప్పి తుడుద్దాం. టచ్ లేకపోతేనేం, మీ చిన్నమ్మ కొడుకు నేర్చుకోవడానికి పనికొస్తుంది. దాని అడాప్టర్ మర్చిపోకు, నా దగ్గరున్నవేవీ దానికి పడవు.

మీ మామయ్య