అత్తమ్మ పళ్లెం వేరు చేసింది, సేవ మానేయాలా?

ప్రశ్న: నాకు 45 ఏళ్లు. మాది జడ్చర్ల దగ్గర ఊరు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల కోసం ఒక క్రైస్తవ మిషన్ నడిపే క్లినిక్‌లో వారానికి రెండు రోజులు జీతం లేకుండా పనిచేస్తున్నాను. చీటీలు రాస్తాను, వచ్చినవాళ్లతో మాట్లాడతాను. ఇది తెలిసినప్పటి నుంచి అత్తమ్మ నా పళ్లెం, గ్లాసు వేరు చేసింది. "గా దవాఖానకు పోయొచ్చి నా పొయ్యి ముట్టకు" అంటోంది. బిడ్డకు సంబంధాలు రావని ఆడబిడ్డ, మతం మార్చేస్తారని మరిది. మావారు ఏమీ మాట్లాడరు. పోయిన వారం మా దగ్గరి చుట్టం ఒకామె క్లినిక్ గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మానేయమంటారా?

జవాబు: ఇంట్లోవాళ్ల గురించి ఇంత రాసి, వెళ్లిపోయినామె గురించి చివర్లో ఒక్క ముక్క రాశారు. నాకు ముందు ఆమె గురించే టెన్షన్‌గా ఉంది. పళ్లెం వేరైతే మీకు అవమానం. మందులు ఆగితే ఆమెకు ప్రాణం మీదికొస్తుంది. హెచ్‌ఐవీ మందులు రోజూ వేసుకోవాల్సిందే. మధ్యలో మానేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది, ఆ మందులే పనిచేయకుండా పోవచ్చు.

అసలు ఆమె ఎందుకొచ్చిందో మీకు తెలియదు. ఇంకెవరి కోసమో కూడా వచ్చి ఉండొచ్చు. ధైర్యం చెబుదామని ఇంటికి పోవద్దు, ఫోన్ చేయొద్దు. "నేనెవరికీ చెప్పను" అన్నా ఆమెకు "నాకు తెలిసిపోయింది" అన్నట్టే వినిపిస్తుంది. క్లినిక్‌లో సిస్టర్ ఒక్కరికే సంగతి చెప్పండి. ఆమె అక్కడ మందులు తీసుకునేదైతే, మీరు లేని రోజు రమ్మని వాళ్లే చూసుకుంటారు. రేపు ఏ పెళ్లిలోనో ఎదురైతే ఎప్పటిలాగే పలకరించండి.

ఇంట్లో గొడవ ముదిరినప్పుడు "మన చుట్టాల్లోనే ఉన్నారు, తెలుసా?" అని మాత్రం నోరు జారకండి. పేరు చెప్పకపోయినా, ఎవరని కూపీ లాగడానికి మన ఊళ్లలో ఒక్క పూట చాలు. రోగి ఒప్పుకోకుండా ఈ సంగతి బయటపెట్టకూడదని 2017లో చట్టమే చేశారు. జీతం లేని పనే కదా అని అనుకోవద్దు. ఈ ఒక్క విషయంలో మీ మీద మీకు నమ్మకం లేకపోతే, అప్పుడు మానేయండి.

ఇక అత్తమ్మ. బొంబాయి వలస పోయి, మంచం పట్టి తిరిగొచ్చినవాళ్లను చూసిన తరం ఆమెది. ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం 2004లోగానీ మొదలుకాలేదు. ఆ భయం ఉపన్యాసంతో పోదు. పళ్లెం, గ్లాసు, ముట్టుకోవడం, దోమకాటు... వీటితో హెచ్‌ఐవీ రాదు. అయితే ఆమెది పూర్తిగా ఉత్త భయమని కొట్టిపారేయలేను. అలాంటి క్లినిక్‌లో జాగ్రత్తపడాల్సింది టీబీ గురించి. అది దగ్గుతో గాలిలో పాకుతుంది. కిటికీలు తీసి ఉంచండి, మాస్క్ పెట్టుకోండి, మీకు రెండు వారాలు దగ్గు తగ్గకపోతే కఫం పరీక్ష చేయించుకోండి. సూదుల జోలికి పోకండి. పొరపాటున గుచ్చుకుంటే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. నివారణ మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మేలు.

మరిది మాటకు జవాబు మీ దగ్గరే ఉంది. ప్రార్థనకు కూర్చోనివాళ్లకూ అక్కడ అదే మందు, అదే మర్యాద దొరుకుతున్నాయా? దొరుకుతుంటే ఆ మాటే చెప్పండి. లేకపోతే ముందు మీరే అక్కడ అడగాలి. సంబంధాల సంగతి వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

మీవారి మౌనమే నాకు అర్థం కావడం లేదు. ఆయనకు భయమా, అమ్మకు ఎదురు చెప్పలేకనా? విడిగా కూర్చుని అడగండి. రోగులెవరూ లేని వేళ చూసి డాక్టర్‌తో ఒక పావుగంట మాట్లాడించండి. పళ్లెం మాట ఆయనే అత్తమ్మతో తేల్చాలి. కోడలు చెబితే వాదన అవుతుంది, కొడుకు చెబితే వింటుంది. అప్పటిదాకా క్లినిక్ నుంచి రాగానే స్నానం చేయమంటే చేసేయండి, దానికి పోట్లాట ఎందుకు? ఆమె పక్కన కూర్చుని తినడం మాత్రం మానొద్దు, వేరే పళ్లెంలోనైనా సరే.