ఎమ్మెస్‌కి వచ్చాక: చదువుకెంత, ఉద్యోగ వేటకెంత, నిద్రకెంత

ఆగస్టులో అమెరికాలో దిగిన పిల్లల్లో చాలామంది ఒకటే లెక్క వేసుకుంటారు. ఈ సెమిస్టర్ చదువు మీద పెడదాం, కాస్త కుదురుకున్నాక జనవరి నుంచి ఉద్యోగాల సంగతి చూద్దాం అని. వినడానికి బాగానే ఉంటుంది గానీ ఇక్కడి క్యాలెండర్‌కి ఆ లెక్క కుదరదు. పెద్ద కంపెనీలు వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లకు ఆగస్టు, సెప్టెంబరు నుంచే దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెడతాయి. చాలా యూనివర్సిటీల్లో కెరీర్ ఫెయిర్ కూడా సెప్టెంబరులోనే పెడతారు. అప్పటికి మీకు మొదటి మిడ్‌టర్మ్ కూడా అయి ఉండదు, రూమ్‌లో మంచం సంగతే తేలి ఉండదు.

అందుకే రెజ్యూమె విమానం ఎక్కకముందే పూర్తి కావాలి. ఒక్క పేజీ చాలు. ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పెళ్లి వివరం ఏవీ ఉండకూడదు. ఇండియాలో వాడిన రెజ్యూమెని దిద్దడం కన్నా కొత్తగా రాసుకోవడమే తేలిక. ఎక్కువమంది తేలిపోయేది ప్రాజెక్టుల దగ్గర. ‘జావా, స్ప్రింగ్ బూట్‌తో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ చేశాను’ అని రాస్తే చదివేవాళ్లకి మీరేం చేశారో తెలియదు. అందులో మీ చేతిమీదుగా జరిగిన పని రాయండి: ‘ఒకే సమయానికి రెండు అపాయింట్‌మెంట్లు పడకుండా డేటాబేస్‌లో లాకింగ్ పెట్టాను, 8 సెకన్లు పట్టే రిపోర్టు క్వెరీకి ఇండెక్స్ వేసి 1 సెకనుకి తెచ్చాను.’ ఇలా రాస్తే ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ లాకింగ్ గురించే అడుగుతారు, మీకు బాగా తెలిసిన విషయమే మాట్లాడతారు. అంకె మాత్రం నిజంగా కొలిచిందై ఉండాలి. లేని అనుభవం ‘పెట్టించి’ ఇస్తామనే కన్సల్టెన్సీల జోలికి అసలు పోవద్దు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికితే ఆ ఉద్యోగంతో పోయేది కాదు, తర్వాత వేసే ప్రతి వీసా ఫైలింగ్‌లోనూ అది తలనొప్పే.

ఇక గంటల సంగతి. వారానికి 168 గంటలు. రోజుకి ఏడు గంటల నిద్ర తీసేస్తే 119 మిగులుతాయి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్న పీజీ విద్యార్థికి చాలా యూనివర్సిటీల్లో ఫుల్‌టైమ్ అంటే 9 క్రెడిట్లు, అంటే మూడు కోర్సులు. ఒక్కో కోర్సుకి క్లాసుతో కలిపి 9 గంటలు అని కాగితం మీద ఉంటుంది గానీ ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్లు, గ్రూప్ ప్రాజెక్టులు ఉన్న కోర్సు 12 గంటలు తినేస్తుంది. మూడింటికీ 36 వేసుకోండి. వంట, అంట్లు, బట్టలు, బస్సు, సరుకులు కలిపి రోజుకి 4 గంటల చొప్పున 28. క్యాంపస్ ఉద్యోగం పూర్తిగా 20 గంటలు చేస్తే మిగిలేది 35. చూడ్డానికి బోలెడు. కానీ ఆ 35 గంటలూ ఒక్కచోట దొరకవు. క్లాసుకీ షిఫ్టుకీ మధ్య గంట, బస్సు కోసం పావుగంట, వంట అయ్యాక అరగంట, ఇలా ముక్కలుగా పడి ఉంటాయి. ముక్కల్లో ఫోన్ చూడగలం గానీ ఇంటర్వ్యూకి చదవలేం. టైమ్ సరిపోవట్లేదని అందరూ అంటారు. అసలు చిక్కు ఉన్న టైమ్ అతుకుల బొంతలా ఉండటం.

అతుకులు తగ్గించడానికి మొదట చూడాల్సింది ఉద్యోగం షిఫ్టులు. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలు మించకూడదన్నది రూలు. అది గరిష్ఠ పరిమితి, అన్నీ చేసి తీరాలని లేదు. రెండు చోట్ల చేస్తే రెండూ కలిపి 20 లోపుండాలి. ఈ వారం 24, వచ్చే వారం 16 అని సర్దుబాటు చేయడానికి వీల్లేదు. మొదటి సెమిస్టర్‌లో 10 నుంచి 12 గంటలు పెట్టుకుంటే మేలు. డైనింగ్ హాల్‌లో రాత్రి 11 దాకా షిఫ్టు తీసుకుంటే పోయేది ఆ నాలుగు గంటలే కాదు, మర్నాడు పొద్దున కూడా. లైబ్రరీ డెస్క్, ల్యాబ్ మానిటర్ లాంటి కూర్చునే పనుల్లో కొన్నిచోట్ల రద్దీ లేనప్పుడు చదువుకోనిస్తారు. టీఏ (ప్రొఫెసర్‌కి బోధనలో సాయం), గ్రేడర్ (పేపర్లు దిద్దే) పనులకు ప్రొఫెసర్‌కి సెమిస్టర్ మొదలవక ముందే ఈమెయిల్ పెట్టాలి, మొదలయ్యాక అడిగితే చాలాసార్లు ఖాళీ ఉండదు. బయట పెట్రోలు బంకుల్లో, రెస్టారెంట్లలో క్యాష్‌కి చేసే పని మాత్రం గంట చేసినా స్టేటస్ (ఇక్కడ చట్టబద్ధంగా ఉండే హోదా) ఉల్లంఘనే. ‘అందరూ చేస్తున్నారుగా’ అన్నమాట ఇమిగ్రేషన్ దగ్గర పనికిరాదు.

రెండోది వంట. రూమ్‌లో నలుగురుంటే నాలుగు రోజులకి ఒక్కసారి వంతు వచ్చేలా, వండినవాళ్లు రెండు పూటలకి సరిపడా వండేలా మొదటి వారమే మాట్లాడుకోండి. వంతులు లేని ఇళ్లలో రోజూ అందరూ గంటగంట వంటింట్లోనే ఉంటారు, పైగా గొడవలు.

అలా చేతికి వచ్చిన టైమ్‌లో ఉద్యోగ వేటకి వారానికి ఏడెనిమిది గంటలు ముందే పక్కన పెట్టండి. రెండు గంటల చొప్పున రెండు దఫాలు దరఖాస్తులకి, రోజూ ఓ అరగంట కోడింగ్ ప్రాక్టీసుకి. అర్ధరాత్రి నిద్ర రాక ‘ఈజీ అప్లై’ బటన్ వందసార్లు నొక్కడం వేట కిందికి రాదు. ముందు చూసుకోవాల్సింది ప్రకటనలో సిటిజన్‌షిప్ షరతు. రక్షణ రంగ ఉద్యోగాల్లో చాలావాటికి అమెరికా పౌరులే కావాలి, వాటి మీద పెట్టే ప్రతి నిమిషం దండగ. ‘భవిష్యత్తులో స్పాన్సర్‌షిప్ కావాలా?’ అనే ప్రశ్నకి హెచ్-1బీ (కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా) మీద ఇక్కడే పని చేయాలనుకుంటే ‘అవును’ అనే రాయాలి. కాదని రాసి ఇంటర్వ్యూ దాకా వెళ్లినా ఆఫర్ దగ్గర బయటపడుతుంది. రిఫరల్ (కంపెనీలో పనిచేసేవాళ్ల సిఫారసు) అడిగేటప్పుడు ‘అన్నా, ఏదైనా ఉంటే చూడు’ అంటే ఎవరూ చూడరు, చూడలేరు కూడా. జాబ్ ఐడీ, రెజ్యూమె, ఆ పనికి మీరు ఎందుకు సరిపోతారో రెండు వాక్యాలు ఒకే మెసేజ్‌లో పంపితే అవతలివాళ్లకి రెండు నిమిషాల పని.

కెరీర్ ఫెయిర్‌కి సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం కేటాయించండి. స్టాల్ దగ్గర మీకు దొరికేది రెండు నిమిషాలు. చాలామంది రిక్రూటర్లు ‘ఆన్‌లైన్‌లో అప్లై చేయండి’ అనే అంటారు, దానికి నీరసపడొద్దు. ముందురోజే అప్లై చేసి వెళ్లి ‘ఫలానా పోస్టుకి నిన్న పెట్టాను, ఈ పోస్టు ఏ టీమ్‌లోది?’ అని అడిగితే మాట ముందుకి సాగుతుంది.

చదువు విషయంలో ఒక్క మెలకువ చెబుతాను. మొదటి వారం మూడు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టుకుని మిడ్‌టర్మ్, ప్రాజెక్టు, ఫైనల్ తేదీలన్నీ ఒకే క్యాలెండర్‌లో ఎక్కించండి. సాధారణంగా అక్టోబరు మధ్యలో ఒక ముద్ద, నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగ నుంచి డిసెంబరు రెండో వారం దాకా ఇంకో ముద్ద కనిపిస్తాయి. ఆ వారాల్లో దరఖాస్తులు సగానికి తగ్గించి, సెప్టెంబరులో ఎక్కువ చేసుకోవాలి. మూడు కోర్సులూ భారీ ప్రాజెక్టులవే అయితే యాడ్-డ్రాప్ (కోర్సులు చేర్చుకునే, తీసేసే) గడువులోపే ఒకటి మార్చుకోండి. గడువు దాటాక తీసేసి 9 క్రెడిట్ల కిందికి పడితే అది మార్కులతో ఆగదు, స్టేటస్ దాకా వెళుతుంది. ఆన్‌లైన్ కోర్సుల్లో సెమిస్టర్‌కి ఒక్కటే, 3 క్రెడిట్ల వరకే, ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తుందన్నదీ గుర్తుంచుకోండి. గడువు ఒత్తిడిలో స్నేహితుడి కోడ్ తీసుకుని వేరియబుల్ పేర్లు మార్చి పెట్టడం మనవాళ్లలో బాగా ఉన్న జబ్బు. పేర్లు మార్చినా కోడ్‌ని పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది. ఇచ్చినవాళ్లకీ తీసుకున్నవాళ్లకీ ఒకటే శిక్ష పడే యూనివర్సిటీలున్నాయి. దానికన్నా ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్లి రెండు రోజులు గడువు అడగడం నయం. అడిగితే ఇచ్చేవాళ్లే ఎక్కువ, కాకపోతే ముందుగా అడగాలి.

విశ్రాంతి అంటే మన ఇళ్లలో కొంచెం తప్పుచేసినట్టే చూస్తారు, అప్పు చేసి పంపినప్పుడు మరీను. అయినా వారంలో ఒక పూట, శనివారం సాయంత్రమో ఆదివారం పొద్దునో, లాప్‌టాప్ తెరవకుండా ఉంచుకోండి. నిద్ర పాడవడానికి అసలు కారణం చాలామందికి ఇంటికి చేసే ఫోన్లు. న్యూయార్క్ వైపు రాత్రి పదిన్నర అయితే ఇండియాలో పొద్దున ఎనిమిది. అమ్మ ఖాళీగా ఉండే వేళ, మీరు పడుకోవాల్సిన వేళ. దానికి బదులు శని, ఆదివారాలు పొద్దున 9 గంటలకి పెట్టుకుంటే అక్కడ సాయంత్రం ఆరున్నర, అందరూ ఇంట్లో ఉంటారు. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి వెళుతుంది, అప్పటి నుంచి మార్చి దాకా అది ఏడున్నర. ముందే చెప్పి పెట్టకపోతే వాళ్లు కంగారుపడతారు.

ఆ గడియారం మారాక ఉత్తరాది రాష్ట్రాల్లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. మంచం మీద నుంచి లేవబుద్ధి కాకపోవడం, క్లాసులు ఎగ్గొట్టడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం అప్పుడే మొదలవుతాయి. పగటి వెలుతురు ఉండగా అరగంట బయట నడవండి, పొద్దునైతే ఇంకా మంచిది. రెండు వారాలకీ తగ్గకపోతే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లండి. చాలా చోట్ల మీరు కట్టిన ఫీజులోనే అది కలిసి ఉంటుంది, మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లకి చేరదు; ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంటే తప్ప గోప్యంగానే ఉంచుతారు. బాగా కుంగిపోయిన రాత్రి 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ కూడా పెట్టొచ్చు. ఆరోగ్యం బాగా దెబ్బతింటే కోర్సులు తగ్గించుకునే దారి చట్టంలోనే ఉంది: డాక్టరు లేదా లైసెన్సు ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్ ఉత్తరం మీద ఒక డిగ్రీకి మొత్తం 12 నెలల దాకా మెడికల్ రెడ్యూస్డ్ కోర్స్ లోడ్ ఇస్తారు. వరుస మాత్రం తప్పకూడదు. ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల స్టేటస్ చూసే యూనివర్సిటీ అధికారి) అనుమతి, ఆ తర్వాతే కోర్సు డ్రాప్ చేయడం. ముందు డ్రాప్ చేసి తర్వాత ఉత్తరం తెస్తే అప్పటికే స్టేటస్ పోయి ఉంటుంది.

సెలవుల్లో థ్యాంక్స్‌గివింగ్ నాలుగు రోజులూ పూర్తిగా విశ్రాంతికి వాడుకోవద్దు, వెనకాలే ఫైనల్స్ ఉన్నాయి. రెండు రోజులు తిరిగి రెండు రోజులు ప్రాజెక్టు రిపోర్టు రాసుకోండి. నిజమైన సెలవు శీతాకాలంలో వచ్చే మూడు నాలుగు వారాలు. మొదటి పది రోజులు ఏమీ పెట్టుకోకుండా, మిగతావి ఇంటర్వ్యూ ప్రాక్టీసుకి. జనవరిలో మళ్లీ నియామకాలు ఊపందుకుంటాయి. ఇండియా వెళ్లొద్దామనుకుంటే ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన పత్రం) మీద డీఎస్‌ఓ ప్రయాణ సంతకం ఏడాదిలోపుదై ఉండాలి, ఓపీటీ (చదువు అయ్యాక ఆ రంగంలో పని చేసే అనుమతి) మీద ఉన్నవాళ్లకి ఆరు నెలలే. పాస్‌పోర్టులో వీసా తిరిగొచ్చే రోజుకి చెల్లుబాటులో ఉందా, ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చారా అన్నది టికెట్ కొనకముందే చూసుకోండి.

వేసవి ఇంటర్న్‌షిప్‌కి సీపీటీ (చదువుతుండగానే ఆ రంగంలో పని చేసే అనుమతి) కావాలి. మామూలుగా అది ఒక పూర్తి అకడమిక్ ఇయర్ చదివాకే వస్తుంది. ఆగస్టులో వచ్చినవాళ్లకి మే నాటికి అర్హత వస్తుంది. జనవరిలో వచ్చినవాళ్లకి చాలావరకు ఆ మొదటి వేసవి దక్కదు, వాళ్లు దాన్ని రీసెర్చ్‌కో క్యాంపస్ పనికో వాడుకుని మరుసటి వేసవికి గురిపెట్టాలి. సీపీటీ కంపెనీ పేరుతో, తేదీలతో మీ ఐ-20 మీదికి రావాలి. ఆ తేదీ కన్నా ఒక్కరోజు ముందు కూడా పనిలో చేరకూడదు. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీకి ఓపీటీ పోయినట్టే.

ఆఖరి సెమిస్టర్‌లో అందరూ ఫైనల్ ప్రాజెక్టులో మునిగి మర్చిపోయేది ఓపీటీ గడువు. ప్రోగ్రామ్ ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి 60 రోజుల తర్వాత దాకా దరఖాస్తు చేసుకోవచ్చు; డీఎస్‌ఓ సిఫారసు ఇచ్చిన 30 రోజుల్లోపు ఐ-765 (పని అనుమతి దరఖాస్తు) దాఖలు కావాలి. మే 15న ముగిసే ప్రోగ్రామ్‌కి ఫిబ్రవరి 14న దరఖాస్తు గడువు మొదలై జులై 14న ముగుస్తుంది. ఓపీటీ మొదలయ్యే తేదీ కూడా మే 16కీ జులై 14కీ మధ్య మీరే ఎంచుకోవాలి. ఆఫర్ చేతిలో ఉంటే చేరే రోజుకి పెట్టుకోండి, లేకపోతే చివరికి జరపండి. ఎందుకంటే ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండనిస్తారు, ఆ లెక్క ఓపీటీ మొదలైన రోజు నుంచి నడుస్తుంది. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) డిగ్రీ వాళ్లకి తర్వాత 24 నెలల పొడిగింపు ఉంది గానీ కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ఐ-983 (శిక్షణ ప్రణాళిక ఫారం) మీద సంతకం పెట్టాలి. కాబట్టి ఆఫర్ ఒప్పుకునే ముందే ఈ రెండూ అడగండి. ఈ తేదీలన్నిటికీ లెక్క మీ ఐ-20లో ఉన్న ముగింపు తేదీ నుంచే. కాన్వొకేషన్ తేదీ పట్టుకుని లెక్కేసుకుంటే రోజులు తప్పుతాయి.