శనివారం పని మానక్కర్లేదు, మంగళవారం పొద్దున అడగమనండి

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో బీఆర్క్ పూర్తిచేసి, ఈ సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని యార్క్‌లో పాత కట్టడాల పరిరక్షణ మీద మాస్టర్స్‌లో చేరింది. బ్యాంకు లోన్ తీసుకుని పంపాం. శనివారాలు ఒక రెస్టారెంట్‌లో చేస్తూ తన ఖర్చులు తనే చూసుకుంటోంది. ఇప్పుడు అది మానేసి నేషనల్ ట్రస్ట్ అనే సంస్థలో జీతం లేకుండా వాలంటీర్‌గా చేస్తానంటోంది. పాత బంగళాల్లో దుమ్ము దులపడానికా లక్షలు పోసి పంపింది అని మావారు కోప్పడుతున్నారు. వీసాకు ఏమన్నా అవుతుందేమోనని నాకు టెన్షన్. ఏం చేయమంటారు? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీవారి మాటతోనే మొదలుపెడతాను. దుమ్ము దులపడమే ఆ పని. మీ అమ్మాయి చదువుకి అంతకన్నా పనికొచ్చేది అక్కడ ఇంకోటి లేదు. కానీ దానికోసం శనివారం సంపాదన వదులుకోవాల్సిన అవసరమూ లేదు. ఎందుకో చెబుతాను.

నేషనల్ ట్రస్ట్ ప్రభుత్వ శాఖ కాదు. 1895లో ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్, హార్డ్‌విక్ రాన్స్‌లీ అనే ముగ్గురు మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ. మరుసటి ఏడాది ఆల్‌ఫ్రిస్టన్ అనే ఊళ్లో పడిపోబోతున్న ఒక పాత ఇంటిని పది పౌండ్లకు కొన్నది. ఇప్పుడు ఇంగ్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లలో వందలాది బంగళాలు, తోటలు, కొండలు, సముద్ర తీరాలు దాని చేతిలో ఉన్నాయి, 50 లక్షలకు పైగా సభ్యులున్నారు. ఇంత ఆస్తిని జీతగాళ్లతో మాత్రమే నడపడం దాని తరం కాదు, అందుకే వాలంటీర్లు. వాళ్లలో ఎక్కువమంది రిటైరైనవాళ్లు. మీ అమ్మాయి వయసువాళ్లు తక్కువ కాబట్టి వెళ్తే ఆదరంగానే చూస్తారు.

ఇక దుమ్ము సంగతి. రెండు మూడు వందల ఏళ్లనాటి బంగారు పూత చిత్రపటం ఫ్రేమును మనం ఇంట్లో తుడిచినట్టు గుడ్డతో తుడిస్తే చెక్కుడు పని మీద పూత ఊడొస్తుంది. అక్కడ ఒక చేత్తో గుర్రపు వెంట్రుకల మెత్తటి బ్రష్ పట్టుకుంటారు, రెండో చేత్తో వ్యాక్యూమ్ గొట్టం. గొట్టం మూతికి పల్చటి వల కట్టి ఉంటుంది, ఊడిన ముక్క ఏదన్నా ఉంటే లోపలికి పోకుండా. బ్రష్ దుమ్మును లేపుతుంది, గొట్టం వస్తువును తాకకుండా గాలిలోనే దాన్ని లాగేస్తుంది. ఒక్క ఫ్రేముకి పూట పట్టినా ఎవరూ తొందరపెట్టరు. ఆ గదుల్లో పెన్ను బయటికి తీయనివ్వరు, రాసుకోవాలంటే పెన్సిలే. సందర్శకులు కూర్చోకూడని కుర్చీల మీద “కూర్చోవద్దు” అని బోర్డు బదులు చాలాచోట్ల ఒక ముళ్ల కాయనో పైన్ కాయనో పెట్టి ఊరుకుంటారు. బోర్డుకన్నా అదే బాగా పనిచేస్తుందని నా అభిప్రాయం.

ఇదంతా ఆర్కిటెక్ట్‌కి ఎందుకంటారా? ఆ దుమ్ము ఎక్కడ్నుంచి వస్తోంది, గోడ ఏ మూల చెమ్మగిల్లుతోంది, పైన ఏ గట్టర్‌లో ఆకులు పేరుకుని నీళ్లు లోపలికి దిగుతున్నాయి అన్నది మొదట కనిపెట్టేది ఇలా వారం వారం అదే గదిలో పనిచేసేవాళ్లే. పట్టు, నూలు బట్టలున్న గదిలో వెలుతురు 50 లక్స్ (కాంతిని కొలిచే ప్రమాణం) దాటకుండా తెరలు దించడం, గాలిలో తేమ పెరిగితే మనుషుల వెచ్చదనం కోసం కాకుండా వస్తువుల కోసం హీటర్ వేయడం, జిగురు అట్టల మీద ఎన్ని బట్టల చిమ్మటలు పడ్డాయో లెక్కరాయడం – ఇవన్నీ ఆమె సిలబస్‌లో ఉండే ఉంటాయి. చేత్తో చేసిన అభ్యర్థికి, పుస్తకంలో చదివిన అభ్యర్థికి తేడా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

అసలు విషయానికొస్తే, శనివారాలు బంగళాలకు జనం ఎక్కువ. ఆ రోజు వాలంటీర్‌కి ఎక్కువగా దొరికేది గదిలో నిలబడి వచ్చినవాళ్లకి చరిత్ర చెప్పే పని, లేదంటే గేటు దగ్గర స్వాగతం పలికే పని. ఇంగ్లిష్‌లో ధారాళంగా మాట్లాడటం అలవాటవుతుంది, కాదనను. కానీ మీ అమ్మాయికి కావలసింది అది కాదు. శుభ్రత పని సాధారణంగా వారం మధ్యలో, పొద్దున, తలుపులు తెరవకముందు జరుగుతుంది. మాస్టర్స్ టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక పూట ఖాళీ దొరక్కపోదు. కాబట్టి “శనివారం వస్తాను” అని కాకుండా “మంగళవారం పొద్దున హౌస్ టీమ్‌తో (బంగళా లోపలి గదులు చూసుకునే బృందంతో) చేస్తాను” అని అడగమనండి. రెస్టారెంట్ పని దాని దారిన అది సాగుతుంది.

యార్క్‌లో ఉండటం ఆమె అదృష్టం. ఊరి నడిబొడ్డున, యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి వెనకాలే ట్రెజరర్స్ హౌస్ ఉంది. ఫ్రాంక్ గ్రీన్ అనే పారిశ్రామికవేత్త 1930లో సామాన్లతో సహా ట్రస్ట్‌కి రాసిచ్చేశాడు. ఏ కుర్చీ ఎక్కడుందో అక్కడే ఉండాలని ఆయన పట్టు. పాత ఇంటిని చూసుకోవడమంటే ఒక్కోసారి చనిపోయిన యజమాని చాదస్తాన్ని కూడా చూసుకోవడమే. ఊరికి వాయవ్యంగా ఎనిమిది మైళ్ల దూరంలో బెనింగ్‌బరో హాల్ ఉంది. రిపన్ దగ్గర 1132లో మొదలైన ఫౌంటెన్స్ అబ్బే శిథిలాలు ప్రపంచ వారసత్వ స్థలం. అయితే రిపన్‌కి రైలు లేదు, పల్లె బస్సులు ఎప్పుడు వస్తాయో చూసుకోవాలి. మొదట నడిచి వెళ్లగలిగే చోట చేరడం మంచిది. దారి ఖర్చులు ఇస్తారా, ఎంతవరకు ఇస్తారు అన్నది చేరకముందే అడగడంలో మొహమాటం వద్దు. అక్కడ అందరూ అడుగుతారు.

వీసా గురించి మీ భయంలో అర్థముంది. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, మాస్టర్స్ చదివేవాళ్లు టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. జీతం లేని పని కూడా ఆ 20 గంటల్లోకే రావచ్చు. ఒప్పందం రాసుకుని, ఫలానా గంటలకు తప్పక రావాలనే బాధ్యతతో, ఒక ఉద్యోగి చేయాల్సిన పనిని ఊరికే చేస్తే అది ‘పని’ కిందికే లెక్క. స్వచ్ఛంద సంస్థకు సాయంగా, ఉద్యోగి స్థానంలో కాకుండా, తిండి, దారి ఖర్చులు తప్ప ఇంకేమీ తీసుకోకుండా చేస్తే అది వాలంటీరింగ్, ఆ లెక్కలోకి రాదు. ట్రస్ట్‌లో వారానికి ఒక పూట మామూలుగా ఈ రెండోదే. అయినా ఆ రోల్ వివరాలు యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల సలహాదారుకి ఈమెయిల్ చేసి, జవాబు దాచుకోమనండి. ఇంకో మాట, చాలామంది ఇక్కడే పొరపాటు పడుతున్నారు: మాస్టర్స్‌వాళ్లకి వేసవిలో థీసిస్ రాసే నెలలు సెలవులు కావు. అప్పుడూ 20 గంటల హద్దు ఉంటుంది. రెస్టారెంట్‌వాళ్లు వేసవిలో అదనపు షిఫ్టులు ఇస్తామంటే జాగ్రత్త.

దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని మీవారు అడుగుతారు. నేరుగా రాదు. వాలంటీర్‌గా చేసినందుకు ఎవరూ వర్క్ వీసా స్పాన్సర్ చేయరు. బంగళాల్లో జీతం పోస్టులు తక్కువ, జీతాలూ తక్కువే. లోన్ తీర్చే జీతం కావాలంటే పాత కట్టడాల పని చేసే ఆర్కిటెక్చర్ ఆఫీసుల వైపు చూడాలి. అక్కడ అడిగేది సర్టిఫికెట్ కాదు, రిఫరెన్స్. “ఈ అమ్మాయి ఆరు నెలలు చెప్పిన రోజు చెప్పిన టైముకి వచ్చింది, విలువైన వస్తువులు అప్పగిస్తే జాగ్రత్తగా చూసుకుంది” అని హౌస్ మేనేజర్ రాసే నాలుగు వాక్యాలకు అక్కడ బరువుంటుంది. అందుకే నాలుగు చోట్ల నాలుగు వారాలు తిరగడంకన్నా ఒకేచోట ఆరు నెలలు ఉండమంటాను.

తిరిగి వచ్చినా వృథా పోదు. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్ట్ ఏళ్ల తరబడి చేయించిన పనిలో సిమెంటు పూతలు తీసేసి మళ్లీ సున్నం పూయించారు. మన పెద్దవాళ్లు డంగు సున్నం అనేది అదే. ఇంగ్లండ్‌లోనూ పాత గోడలకు సున్నమే వాడతారు, కాకపోతే మంచు పడితే పాడవుతుందని ఎక్కువగా వసంతం నుంచి శరత్కాలం దాకానే ఆ పని పెట్టుకుంటారు. వేసవిలో ఎక్కడైనా అలాంటి మరమ్మతు జరుగుతుంటే చూడ్డానికి పిలవమని హౌస్ టీమ్‌ని ముందే అడిగి పెట్టుకోవచ్చు. ఊరి బయట స్థలాల్లో సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చే గోడల మరమ్మతు కూడా వాలంటీర్లు నేర్చుకుంటారు. ఒక్క రోజు వెళ్లొచ్చినా ఆర్కిటెక్ట్‌కి మంచిదే. మన దేశంలో వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ లాంటి సంస్థలు, రాష్ట్ర పురావస్తు శాఖలతో పనిచేసే కన్సల్టెంట్లు ఇలా చేత్తో పని తెలిసినవాళ్ల కోసమే చూస్తారు.

చేరేదేదో త్వరగా తేల్చుకోమనండి. చాలా బంగళాల్లో ఏడాదికోసారి చేసే పెద్ద శుభ్రత చలికాలంలోనే. సామాన్లకు ముసుగులు వేసి, కార్పెట్లు చుట్టబెట్టి, షాండ్లియర్లు కిందికి దించేది అప్పుడే. వసంతంలో అడిగితే ఆమెకి దక్కేది గేటు దగ్గర స్వాగతం పలికే పనే.