మృదంగం మాన్పించాలా, జేఈఈకి కూర్చోబెట్టాలా?

రాజమండ్రి నుంచి ఒక అమ్మగారు రాశారు, బాబు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, ఎనిమిదేళ్ళుగా మృదంగం నేర్చుకుంటున్నాడంట, ఇప్పుడేమో తోలు మీద కొడితే శృతి ఎలా పలుకుతుంది, పాట వింటే ఒళ్ళెందుకు పులకరిస్తుంది, నేను అదే చదువుతా అంటున్నాడంట. జేఈఈ కోసం మృదంగం మాన్పించేయమంటారా అని అడిగారు.

మాన్పించొద్దండి దయచేసి. బాబు అడిగిన మొదటి ప్రశ్న చిన్నది కాదు, విశాఖలో చదువుకున్న సి.వి.రామన్ గారు దాని మీదే పని చేసి 1920లో నేచర్ పత్రికలో రాశారు, నోబెల్‌కి పదేళ్ళ ముందు. మామూలు డప్పు చర్మం కొడితే అసలు స్వరంతో పాటు పైన వినిపించే పైస్వరాలు దానికి రెండింతలు మూడింతలు అని లెక్కగా ఉండవు, అందుకే శృతి తేలదు, మృదంగం కుడివైపు మధ్యలో ఉండే ఆ నల్లటి పూత బరువు వల్ల అవి దాదాపు లెక్కలో పడతాయి. అంటే మన వాద్యాలు చేసేవాళ్ళు ఈక్వేషన్ లేకుండానే చెవితో దాన్ని సాధించారన్నమాట, నాకైతే ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆశ్చర్యమే.

రెండో ప్రశ్న మెదడుది. 2011లో కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్ళు స్కానింగ్ చేసి చూస్తే, ఇష్టమైన సంగీతానికి ఒళ్ళు పులకరించేటప్పుడు డోపమైన్ అనే, ఆనందంతో ముడిపడ్డ మెదడు రసాయనం విడుదలవుతోందని తేలింది, అదీ ఒళ్ళు పులకరించే ఆ ఘట్టం రాకముందు ఎదురుచూపులోనే మెదడులో ఒక భాగంలో మొదలవుతుందట. తనియావర్తనంలో, అంటే కచేరీలో మృదంగం ఒక్కటే వాయించే చోట, తీర్మానం (ముగింపు దరువు) పడబోతుందని కాచుకుని కూర్చునే బాబుకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇక కోర్సుల సంగతి. సూటిగా చెప్తున్నా, మన దగ్గర డిగ్రీలో సంగీతం సైన్స్ అనే పేరుతో కోర్సు వెతుక్కుంటూ కూర్చోవద్దు. ఎంపీసీ బాగా చదివి ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ ఏదో ఒక దారిలో వెళ్ళాలి, కోడింగ్, సిగ్నల్ ప్రాసెసింగ్ (శబ్దంలాంటి సంకేతాల్ని కంప్యూటర్‌తో విశ్లేషించడం) తప్పవు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో సంగీతం, మెదడు మీద రీసెర్చ్ జరుగుతోంది, అక్కడ బీటెక్, ఎమ్మెస్ కలిపి చేసే డ్యూయల్ డిగ్రీకి యూజీఈఈ అని వేరే ఎగ్జామ్, తర్వాత ఇంటర్వ్యూ. ఐఐటీ మద్రాస్‌లో మృదంగం దెబ్బల్ని కంప్యూటర్‌తో గుర్తుపట్టించే పని చేశారు, అలాంటి చోట ఏ దెబ్బ ఏదో చెవితో పట్టగలిగినవాడు కావాలి కదా. రీసెర్చే కావాలంటే పీహెచ్‌డీ దాకా దాదాపు పదేళ్ళు, ఆ ఓపిక ఇంట్లో అందరికీ ఉండాలి. లేదంటే ఆడియో సాఫ్ట్‌వేర్, వినికిడి యంత్రాలు, స్పీచ్ టెక్నాలజీ కంపెనీల్లో ఇదే చదువుతో ఉద్యోగాలు ఉంటాయి. లక్షలు కట్టించుకునే సౌండ్ ఇంజనీరింగ్ అకాడమీల్లో ఇప్పుడే చేర్చకండి, అది స్టూడియో పని, బాబు అడిగేది వేరు.

ఈ సెలవుల్లో ఒక పని చెప్పండి, ఫోన్లో మృదంగం మీద 'నం' అనే దెబ్బ కొట్టి రికార్డ్ చేసి, అలాగే ఒక డప్పుదీ చేసి, ఫ్రీగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో వేసి రెండిటి స్పెక్ట్రమ్, అంటే శబ్దంలో ఏయే స్వరాలు ఎంతెంత ఉన్నాయో చూపే గీత, పక్కపక్కన చూడమనండి. తేడా ఎందుకొచ్చిందో తన మాటల్లో రెండు పేజీలు రాయమనండి, ఆ కాగితాలు దాచిపెట్టండి, రేపు ఇంటర్వ్యూలో నీకు ఏమంటే ఇష్టం అని అడిగితే అదే మాట్లాడొచ్చు.