సిడ్నీ ఒపేరా హౌస్ బొమ్మున్న 7 సెంట్ల స్టాంపు: కవరు మీద నుంచి తీయాలా?

మహబూబ్‌నగర్‌లో మీ పెద్దనాన్నగారి ఇల్లు సర్దుతుంటే పాత ఎయిర్‌మెయిల్ కవరు ఒకటి దొరికిందనీ, దాని మీద సిడ్నీ ఒపేరా హౌస్ బొమ్మతో 7 సెంట్ల ఆస్ట్రేలియా స్టాంపు ఉందనీ ఫొటో పెట్టి రాశారు. నీళ్లలో నానబెట్టి తీసి ఆల్బమ్‌లో పెట్టుకోవచ్చా, అమ్మితే ఎంత వస్తుంది అని మీ ప్రశ్న.

నానబెట్టకండి. కత్తెర కూడా పెట్టకండి. ఇదే స్టాంపుతో నేను ఆ పని చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది నాగార్జునసాగర్ హిల్ కాలనీ. నాయిన డ్యామ్ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్. 1973 ప్రాంతంలో డ్యామ్ మీద గేట్ల పని నడుస్తుండగా, ఆయనతో కలిసి పనిచేసిన ఒక ఇంజనీరుగారు శిక్షణ కోసం ఆస్ట్రేలియా వెళ్లారు. అక్కడి నుంచి నాయినకు రాసింది ఒకే ఒక్క ఉత్తరం. మూడు దిక్కులా నీళ్లున్న చోట కట్టిన భవనం చూశాననీ, కప్పు చూస్తే తెరచాపలెత్తిన పడవలు వరసగా నిలబడ్డట్టుందనీ, దాని బొమ్మే కవరు మీద అంటించాననీ అందులో రాశారు. నాయిన ఆ ఉత్తరాన్ని కవరుతో సహా సందూకలో దాచుకున్నారు.

నాకు పదకొండేళ్లప్పుడు స్టాంపుల పిచ్చి పట్టింది. ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం అందరూ పడుకున్నాక సందూక తెరిచి, అమ్మ బట్టలు కుట్టే కత్తెరతో కవరు మూల కత్తిరించి స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి వేశాను. కాసేపటికి స్టాంపు కాగితం వదిలి తేలింది. దాంతోపాటు ఆ ముక్క మీదికి వచ్చిన అడ్రసు అక్షరాల నీలం సిరా కూడా వదిలి పళ్లెమంతా పాకింది. స్టాంపు అంచు పళ్ల సందుల్లో ఆ నీలం ఇప్పటికీ ఉంది. తపాలా ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడి ఉండేది. నా కత్తెర సరిగ్గా తారీఖు మధ్యలోంచి పోయింది. పక్కనే ఇంకో స్టాంపు కూడా ఉండేది. అది నీళ్లలోంచి తీస్తుంటే వేళ్ల మధ్యే చిరిగిపోయింది.

సాయంత్రం నాయిన చూశారు. కొట్టలేదు, తిట్టలేదు. కవరును లైటు కింద పెట్టి, "తారీఖు ఏమైంది బిడ్డా?" అని అడిగారు. ఆ ఇంజనీరుగారు ఉత్తరం లోపల తారీఖు వేయలేదు. అది ఏ నెల, ఏ రోజు సిడ్నీలో డబ్బాలో పడిందో చెప్పగలిగింది ఆ ముద్ర ఒక్కటే.

తారీఖు గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ స్టాంపు విషయంలో అసలు సంగతి అక్కడే ఉంది. ఇది ఆస్ట్రేలియా తపాలా శాఖ వాస్తుకళ మీద వేసిన నాలుగు స్టాంపుల వరసలోది. విడుదలైంది 1973 అక్టోబరు 17, బుధవారం. ఎలిజబెత్ రాణి ఒపేరా హౌస్‌ను ప్రారంభించింది అక్టోబరు 20, శనివారం. అంటే ప్రారంభోత్సవం కంటే మూడు రోజులు ముందే స్టాంపు జనం చేతికి వచ్చింది. మీ కవరు మీద సిడ్నీ ముద్రతో 17 గానీ 20 గానీ కనిపిస్తే, దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టి తెలిసిన సేకరణకర్తకు చూపించండి. వేరే తారీఖైనా ఫరవాలేదు, అది మీ పెద్దనాన్నగారి జీవితంలో ఒక రోజు.

ఇంకో సంగతి. 7 సెంట్లు అప్పట్లో ఆస్ట్రేలియా లోపల తిరిగే మామూలు ఉత్తరం చార్జీ. ఇండియాకు ఎయిర్‌మెయిల్ పంపడానికి అది సరిపోదు. కాబట్టి మీ కవరు మీద ఇంకో స్టాంపు గానీ, మరికొన్ని గానీ ఉండి తీరాలి. ఫొటో తీసేటప్పుడు వాటిని వదిలేశారేమో చూసుకోండి. ఒక ఉత్తరం దేశం దాటడానికి ఎంత ఖర్చయిందో, ఏయే స్టాంపులు కలిపి అంటించారో మొత్తం కవరే చెబుతుంది. విడిగా తీసిన స్టాంపు ఆ ముక్క చెప్పలేదు.

ధర సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. ఇది బాగా ఎక్కువగా దొరికే స్టాంపు. వాడిన స్టాంపు విడిగా అమ్మితే వంద రూపాయలు కూడా రావు. నేను తర్వాత హైదరాబాద్‌లో ఒక స్టాంపుల ప్రదర్శనలో ముద్ర పడని కొత్త స్టాంపు పదిహేను రూపాయలకు కొన్నాను. స్టాంపుల ధరలు అచ్చువేసే కేటలాగులో కనిపించే ధరను చూసి ఆశ పెంచుకోవద్దు. అది అంగడి ధర కాదు, మచ్చ లేకుండా, పళ్లు విరగకుండా, వెనక కాగితం పలచబడకుండా ఉన్నదానికి వేసిన లెక్క. ఇంటర్నెట్‌లో ఇదే స్టాంపుకు ఎవరో వేలు అడుగుతున్నట్టు కనిపించవచ్చు. అడగడం వేరు, అమ్ముడుపోవడం వేరు. దాని కోసం టెన్షన్ పడకండి.

ఇక ఆ బొమ్మ గురించి కొంచెం చెప్పనివ్వండి, నాకు దాని మీద ప్రేమ ఎక్కువ. ఒపేరా అంటే పాటలతో నడిచే నాటకం. పేరు ఒపేరా హౌస్ అయినా, లోపల అన్నిటికంటే పెద్దది సంగీత కచేరీల హాలే. మొదట ఆ పెద్ద హాలును ఒపేరాకూ కచేరీలకూ రెండింటికీ పనికొచ్చేలా అనుకున్నారు. తర్వాత దాన్ని కచేరీలకే ఇచ్చి, ఒపేరాను పక్కనున్న చిన్న హాలుకు మార్చారు. కప్పు గుల్లలు నిలబెట్టినట్టు ఉంటుంది. పడమటి వైపున్న పెద్ద గుల్లల కింద ఉన్నది కచేరీ హాలు. తూర్పు వైపువి ఒపేరా వాళ్లవి. పక్కన విడిగా ఉన్న చిన్న గుల్లల కింద రెస్టారెంటు.

దాని నమూనా గీసింది డెన్మార్క్ దేశపు యోర్న్ ఉట్జాన్. పోటీకి వచ్చిన 233 నమూనాల్లోంచి 1957లో ఆయనది ఎంపికైంది. బొమ్మ గీయడం అయింది కానీ ఆ కప్పును నిలబెట్టడం ఎలాగో చాలా ఏళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి ఆ గుల్లలన్నీ ఒకే కొలత ఉన్న గోళంలోంచి తీసుకోవాలని తేల్చారు. దీన్ని నాకు నాయిన వంటింట్లో కూర్చుని బత్తాయితో చూపించారు. తొక్కను ఊడకుండా పెద్ద ముక్కలుగా ఒలిచి, ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా కోసి పీట మీద నిలబెట్టారు. "సైజులు వేరు గానీ వంపు ఒకటే, చూడు. వంపు ఒకటే అయితే ఒకటే అచ్చులో ఎన్ని ముక్కలైనా పోయొచ్చు" అన్నారు. రాయి మీద రాయి పేర్చి కట్టిన డ్యామ్ మీద బతుకంతా పనిచేసిన మనిషి, నేల మీద పోతపోసిన కాంక్రీటు ముక్కలను పైకి లేపి కప్పు చేశారంటే ఎంత ముచ్చటపడ్డారో. అలాంటి ముక్కలు 2,194. వాటి మీద పరిచిన టైల్స్ పది లక్షలకు పైనే.

70 లక్షల డాలర్లు అనుకున్న పని 10 కోట్ల 20 లక్షల డాలర్లకు చేరింది. ప్రభుత్వంతో గొడవ వచ్చి ఉట్జాన్ 1966లో మధ్యలోనే వదిలేసి వెళ్లారు. 2003లో ఆయనకు వాస్తుకళలో పెద్ద పేరున్న ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఆ భవనం చేరింది. 2008లో ఆయన చనిపోయారు. ఆ నలభై రెండేళ్లలో ఒక్కసారి కూడా సిడ్నీకి తిరిగి రాలేదు, పూర్తయిన భవనాన్ని కళ్లారా చూడలేదు. ఈ సంగతి తెలిశాక ఆ స్టాంపును నేను మునుపటిలా చూడలేకపోయాను.

మీకు ఈ రకం స్టాంపుల మీద ఇష్టం కలిగితే, సంగీత మందిరాల స్టాంపులే ఒక వరసగా కూడబెట్టవచ్చు. ఖర్చు తక్కువ, చూడటానికి అందం. పశ్చిమ బెర్లిన్ తపాలా 1960ల మధ్యలో కొత్త భవనాల మీద వేసిన వరసలో 20 ఫెనిగ్‌ల స్టాంపు మీద ఫిల్హార్మనీ హాలు ఉంది. 1963లో తెరిచారు, గీసింది హాన్స్ షరూన్. మన ఊళ్లో చిందు భాగోతం ఆడుతుంటే జనం చుట్టూ చేరినట్టు, అక్కడ వాద్యబృందం నడుమ ఉంటుంది, శ్రోతలు నాలుగు వైపులా మెట్లు మెట్లుగా కూర్చుంటారు. నా దగ్గర ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి.

దాచే పద్ధతి సంగతికి వస్తే, కవరును మడత లేకుండా పారదర్శకమైన కవర్ల ఆల్బమ్‌లో పెట్టండి. లామినేషన్ వద్దే వద్దు. సెల్లో టేపు ఇంకా వద్దు, కొన్నేళ్లకు దాని జిగురు పసుపు మచ్చై కాగితంలోకి దిగిపోతుంది. బీరువాలో కలరా ఉండలుంటే అక్కడ పెట్టకండి, వాటి ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడి అతుక్కుంటుంది. మన పాలమూరు ఎండలకు రేకుల కింద గది అస్సలు పనికిరాదు, వానాకాలం గోడకు ఆనించినా చెమ్మ పడుతుంది. పట్టుకునేటప్పుడు చేతులు పొడిగా ఉండాలి. అబిడ్స్‌లోని జనరల్ పోస్టాఫీసులో స్టాంపుల విభాగం ఉంది. కొత్త స్టాంపులు అక్కడ కొనుక్కోవచ్చు, వాటి కోసం వచ్చే పాతకాలపు సేకరణకర్తలు కూడా అక్కడే కలుస్తారు. మీ కవరు చూపించడానికి నాకు తెలిసిన మంచి చోటు అదే.

ఒక్క పని మాత్రం ఈ రోజే చేయండి. కవరు తిప్పి వెనక వైపు చూడండి. ఆ రోజుల్లో చాలా ఉత్తరాలకు చేరిన ఊరి పోస్టాఫీసు కూడా వెనక ముద్ర వేసేది. మహబూబ్‌నగర్ ముద్ర చదవగలిగేలా ఉంటే ముందున్న తారీఖులోంచి దాన్ని లెక్కేసి, ఎన్ని రోజుల్లో వచ్చిందో ఇక్కడ రాయండి. మా కవరు వెనక ముద్ర మిగిలే ఉంది, నవంబరు 9 అని. బయలుదేరిన రోజే లేదు.