బంతికి బుద్ధి రావాలని

తమ్ముడూ,

అమెరికా బేస్‌బాల్ ఆటగాడు మార్క్ ఫిడ్రిచ్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు, ఇంట్లో పెళ్లి పనులు. బాగుందని ఒక్క ముక్క రాసి ఊరుకోవచ్చు గానీ అది నీకెందుకూ పనికిరాదు.

ముందు ఆ మొదటి పేరా కొట్టెయ్. 'తోకచుక్కలా మెరిసి రాలిపోయాడు' అన్నావు. తోకచుక్కలు రాలవు, ఆ సంగతి అటుంచు, ఆ వాక్యం ఎవరి గురించైనా రాయొచ్చు, ఒక్క సినిమాతో మాయమైన హీరో గురించి కూడా. ఫిడ్రిచ్ గురించి మాత్రమే రాయగలిగిన సంగతి నీ మూడో పేజీలో ఓ మూల పడి ఉంది. బంతి విసరడానికి పిచర్ నిలబడే మట్టిదిబ్బ మీద మోకాళ్లేసి కూర్చుని, అవతలి పిచర్ బూటు దిగిన గుంటల్ని తన అరచేతులతో పూడ్చి చదును చేసుకునేవాడు. అందుకు గ్రౌండ్ స్టాఫ్ ఉన్నారు, అయినా తనే చేసుకునేవాడు. వేల మంది చూస్తుండగా, 21 ఏళ్ల కుర్రాడు, ఉంగరాల జుట్టు టోపీ కింద నుంచి ఎగదన్నుకొచ్చి, నేల మీద మోకాళ్లతో. అక్కడ మొదలుపెట్టు.

మనవాళ్లకి బేస్‌బాల్ తెలీదని రూల్సన్నీ ఒకే పేరాలో కుక్కావు, రైల్వే టైంటేబుల్ చదివినట్టుంది. అంత అక్కర్లేదు. రనప్ ఉండదు, బంతి నేలకి తగలదు, మన బౌలర్ మోచెయ్యి వంచి విసిరితే నోబాల్ అంటారు, అక్కడ ఆటంతా అదే. పిచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య దూరం అరవై అడుగుల ఆరంగుళాలు, మన పిచ్ కంటే కాస్త తక్కువ. మిగతాది అవసరమైన చోట అవసరమైనంత చెప్పు. ఉదాహరణకి, 1976లో అతను మొదలుపెట్టిన 29 మ్యాచ్‌ల్లో 24 చివరిదాకా తనే వేశాడని రాసి వదిలేశావు. అలసిపోయిన పిచర్‌ని తీసేసి ఇంకొకణ్ణి దింపొచ్చని, ఒకసారి తీసేస్తే ఆ మ్యాచ్‌లో మళ్లీ రానివ్వరని ముందు చెప్తేనే కదా ఆ 24 ఎంత బరువో తెలిసేది! 19 గెలుపులు, 9 ఓటములు, ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు, ఇవన్నీ ఒక్క వాక్యంలో సరిపోతాయి. జూన్ 28న న్యూయార్క్ జట్టు యాంకీస్ మీద ఆడిన రాత్రి, అతని జట్టు సొంతూరు డెట్రాయిట్‌లో స్టేడియానికి 47,855 మంది వచ్చారు, మ్యాచ్ అయిపోయినా ఇంటికి పోకుండా అతను మళ్లీ బయటికొచ్చేదాకా అరిచారు. ఆ ఏడాది అతనితో కుదుర్చుకున్న జీతమేమో 16,500 డాలర్లు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి నువ్వు తప్పుకో, వ్యాఖ్యానం చెయ్యకు.

బంతితో మాట్లాడేవాడని 'పిచ్చివాడు' అన్నావు, అది నాకు నచ్చలేదు. మాట్లాడింది నాతో నేనే అని అతనే చెప్పాడు. ఇంకో సంగతి నువ్వు వదిలేశావు, నాకైతే అదే ప్రాణం. తన బంతిని బ్యాటర్ గట్టిగా కొట్టాడంటే దాన్ని అంపైర్‌కి తిరిగిచ్చి వేరేది అడిగేవాడు, ఎందుకయ్యా అంటే, అది సంచీలో మిగతా బంతులతో కాసేపు కలిసుంటే బుద్ధి తెచ్చుకుంటుందని! అన్నట్టు, అతని ముద్దుపేరు 'ది బర్డ్'ని 'పక్షిరాజు' చేశావు. పిల్లల టీవీ షో సెసమీ స్ట్రీట్‌లో పసుపురంగు పెద్ద పక్షి బొమ్మలా ఉన్నాడని పెట్టిన పేరది. 'పిట్ట' చాలు.

ఇక దెబ్బ సంగతి. 1977 వసంతంలో, సీజన్ ఇంకా మొదలవకముందే, ప్రాక్టీసులో మోకాలు దెబ్బతింది. తిరిగొచ్చి కొన్ని వారాలు బాగానే వేశాడు, జులైలో చెయ్యి చచ్చుబడ్డట్టయింది. నువ్వు తప్పంతా జట్టుని ఆడించే మేనేజర్ మీదికి నెట్టేశావు, అంతంత సేపు వేయించాడని. కావచ్చు. మోకాలి దెబ్బ తర్వాత విసిరే తీరు మారి భుజం మీద భారం పడిందనేవాళ్లూ ఉన్నారు. రెండూ రాయి, తీర్పు చెప్పకు. అసలు సంగతి ఆ తర్వాతిది. భుజంలో కండర బంధం చిరిగిందని డాక్టర్లు కనిపెట్టింది 1985లో. అంటే ఎనిమిదేళ్లు! ఈలోగా 1980లో పెద్ద లీగ్‌లో చివరి మ్యాచ్ అయిపోయింది, మొత్తం 58. ఆ తర్వాత కూడా చిన్న లీగ్‌లో పాటకెట్ ఊరి జట్టుకి, జబ్బేమిటో తెలియని చేత్తో, 1983 దాకా విసిరాడు. దీనికంతా నువ్విచ్చింది ఒక్క వాక్యం! నీ వ్యాసంలో సగం ఇక్కడుండాలి.

నేనూ చేశాను ఈ తప్పు. పాతికేళ్ల కిందట, ఒకప్పుడు జిల్లా అంతా పేరున్న వాలీబాల్ ఆటగాడు బస్ కండక్టరుగా చేస్తుంటే ఆయన మీద రాశాను. 'పాపం' అని ఆరుసార్లు రాశానని అచ్చయ్యాక ఆయనే లెక్కపెట్టి చెప్పాడు. కోప్పడలేదు. "నాకు ఉద్యోగం ఇష్టమేనండీ, మీరు అడగలేదు" అన్నాడు.

ఫిడ్రిచ్ సొంతూరు నార్త్‌బరోకి వెళ్లి పొలం కొనుక్కున్నాడు, పది చక్రాల లారీ కొనుక్కుని కంకరా మట్టీ తోలాడు. పెద్ద లీగ్‌లో ఆడింది అయిదు సీజన్లు, ఈ బతుకు పాతికేళ్ల పైచిలుకు. 2009 ఏప్రిల్ 13న ఆ లారీ కిందే రిపేరు చేసుకుంటూ, తిరుగుతున్న షాఫ్ట్‌లో బట్టలు చుట్టుకుని పోయాడు. 54 ఏళ్లు. 'విధి వెక్కిరించింది' అన్న మాట తీసెయ్. లారీ కింద పడుకుని పనిచేసుకుంటున్నాడని రాయి, అంతే.

మళ్లీ రాశాక పంపు. ఈసారి పేజీలకి నంబర్లు వెయ్, వాట్సాప్‌లో నాలుగో పేజీ తర్వాత ఆరు వచ్చింది, అయిదోదాని కోసం ఫోనంతా వెతికాను.

మీ అన్నయ్య