ఇంగ్లండ్‌లోని ఈమ్ గ్రామానికి అంత పేరెందుకు? అక్కడి ప్రముఖులెవరు?

డెర్బీషైర్ కొండల్లోని ఈమ్, సీసం గనుల మీద బతికిన చిన్న ఊరు. 1665లో లండన్ నుంచి ఒక దర్జీకి వచ్చిన బట్టల మూటలోని ఫ్లీలనే రక్తం పీల్చే చిన్న పురుగుల వల్ల ప్లేగు అంటుకుందని చెబుతారు. ఆ మూట విప్పిన దర్జీ సహాయకుడు జార్జ్ వికార్స్ మొదట చనిపోయాడు.

1666 జూన్‌లో ప్లేగు బయటి ఊళ్లకు పాకకుండా ఊరివాళ్లు తమకు తామే పొలిమేర కట్టుకుని, దాన్ని దాటకుండా ఉండిపోయారు. చుట్టుపక్కలవాళ్లు సరిహద్దు దగ్గర తిండి పెట్టి వెళ్లేవారు. దాని ధరగా వీళ్లు, రోగం అంటకుండా, రాతి గుంటల్లో పోసిన వెనిగర్‌లో నాణేలు వేసేవారు. చర్చి మూసి, ప్రార్థనలు ఆరుబయట జరిపారు. ఎలిజబెత్ హాన్‌కాక్ అనే ఇల్లాలు ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లల్నీ పాతిపెట్టింది. మొత్తం మృతులు 260 మంది అని వాడుకలో ఉన్న లెక్క.

ఊరు తనను తాను మూసుకున్న ఈ నిర్ణయానికి పెద్దదిక్కు యువ మతగురువు విలియం మోంపెసన్. ఆయన భార్య కేథరిన్ కూడా ప్లేగుకే బలైంది. కానీ కీర్తంతా ఆయనకే ఇవ్వడం సరికాదు. మతవిభేదాలతో పదవి పోయిన పాత గురువు థామస్ స్టాన్లీ తోడు రాకపోతే, ఊరు కొత్తాయన మాట వినేదా అన్నది అనుమానమే.

తర్వాతి కాలపు ప్రముఖుల్లో కవయిత్రి ఆనా సీవర్డ్ ఇక్కడే 1742లో పుట్టింది. ఏటా ఆగస్టు చివరి ఆదివారం ఊళ్లో ప్లేగు మృతుల స్మారక ప్రార్థన జరుగుతుంది.